ఐటీఐ వర్క్‌షాప్‌లో వాతావరణ పాఠం: కొత్త సబ్జెక్ట్ పెట్టకుండా ఎలా నేర్పాలి

ఏసీ ట్రేడ్‌లో చేరిన కుర్రాడు మొదటి నెలలోనే పట్టేసే పని ఒకటుంది. పాత స్ప్లిట్ యూనిట్ దించే ముందు రాగి పైపును బిగించిన ఫ్లేర్ నట్‌ను స్పానర్‌తో కొంచెం వదులు చేస్తాడు. ‘సుస్’ మని గ్యాస్ బయటికొస్తుంది. రాగి పైపు మీద తెల్లగా మంచు పడుతుంది, ఆయిల్ తుంపర వేళ్ళకు తగులుతుంది. కాసేపటికి చప్పుడు ఆగుతుంది. ‘అయిపోయింది సార్, విప్పెయ్యమంటారా?’ అంటాడు. ఇన్‌స్ట్రక్టర్‌గా నేనూ చాలా ఏళ్ళు ‘విప్పెయ్’ అనే అన్నాను.

ఆ కాసేపట్లో ఏం పోయిందో ఒకసారి లెక్క వేయండి. ఒకటిన్నర టన్ను స్ప్లిట్‌లో అటూ ఇటూగా కిలో గ్యాస్ ఉంటుంది. అది ఆర్-410ఏ అనే రకం గ్యాస్ అయితే, భూమిని వేడెక్కించడంలో ఆ ఒక్క కిలో 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది సుమారు 2.3 కిలోలు. అంటే మనం గాల్లోకి వదిలింది 900 లీటర్ల పెట్రోలు కాల్చినంత. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బైకు మీద హైదరాబాద్ నుంచి విజయవాడకు ఎనభై సార్లు పోయి రావచ్చు. ఈ లెక్క బోర్డు మీద వేసిన రోజు, వెనక బెంచీవాడు కూడా సెల్‌లో క్యాలిక్యులేటర్ తీసి సరిచూసుకున్నాడు.

వృత్తి విద్యలో వాతావరణ లక్ష్యాలను కలపాలంటూ మనకు సర్క్యులర్లు వస్తూనే ఉంటాయి. మనం చేసేది జూన్ 5న మొక్క నాటి ఫోటో పంపడం. జూలైలో ఆ మొక్కకు నీళ్ళు పోసేవాడు ఉండడు. ఏటీఓగా (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్), ఇన్‌స్ట్రక్టర్‌గా మీ చేతిలో ఉన్నది మొక్క కాదు, జాబ్ షీట్, అంటే ట్రైనీ చేసే ప్రాక్టికల్ పని వివరాలు రాసే కాగితం. రోజూ చేయించే జాబ్‌లోకే ఈ సంగతి ఎక్కించాలి. ఎలాగో నాకు తెలిసినంత వరకు చెబుతాను. పాలిటెక్నిక్‌లో, ఒకేషనల్ ఇంటర్‌లో చెప్పేవాళ్ళకు కూడా చాలావరకు పనికొస్తుంది.

మొదట సిలబస్ పుస్తకం మొదటి పేజీలు చదవండి

‘సిలబస్‌లో లేదండీ, మేమెలా చెబుతాం?’ అనే మాట స్టాఫ్ రూములో ముందుగా వస్తుంది. డీజీటీ (కేంద్రంలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్) ఇచ్చిన ట్రేడ్ సిలబస్ తెరిచి, అసెస్‌మెంట్ మార్గదర్శకాలు ఉన్న పేజీ చూడండి. మార్కులు వేసేటప్పుడు తుక్కు, వృథా తగ్గించడాన్ని, తుక్కును పద్ధతి ప్రకారం వదిలించడాన్ని, పర్యావరణం మీద ట్రైనీకున్న శ్రద్ధను లెక్కలోకి తీసుకోమని అక్కడే రాసి ఉంది. ఫిట్టర్‌కీ అదే, వెల్డర్‌కీ అదే. మనం నేరుగా జాబ్‌ల పట్టికకు వెళ్ళిపోతాం కాబట్టి ఆ పేజీ కంట పడదు. దాన్ని జిరాక్స్ తీసి ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద పెట్టండి. ఇక అనుమతి అడగక్కర్లేదు, ఉన్న నిబంధన అమలు చేస్తున్నాం అని చెప్తే చాలు.

అలాగే ఏడాదికి 150 గంటల ఓజేటీ (బయట పనిచోట శిక్షణ) లేదా గ్రూప్ ప్రాజెక్ట్ ఉంది. చాలా చోట్ల అది కాగితం మీద నడిచిపోతుంది. మీకు కావలసిన సమయం అక్కడ దొరుకుతుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

శనివారం సాయంత్రం మీటరు దగ్గర నిలబడండి

ఉపన్యాసంతో మొదలుపెట్టకండి. శనివారం పని ముగిశాక, తాళాలు వేసే ముందు, నలుగురు ట్రైనీలను కరెంటు మీటరు దగ్గరికి తీసుకెళ్ళి రీడింగ్ రాయించండి. సోమవారం పొద్దున తలుపులు తీయగానే మళ్ళీ రాయించండి. సీటీ మీటరు (ఎక్కువ లోడు ఉన్నచోట కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌తో పెట్టేది) అయితే రీడింగ్‌ను మల్టిప్లైయింగ్ ఫ్యాక్టర్ అనే సంఖ్యతో హెచ్చవేయాలి, అది మరిచిపోతే లెక్క మొత్తం తప్పు. ఆ సంఖ్య ఎక్కడ రాసి ఉంటుందో వెతికించడం కూడా ఒక పాఠమే.

ఒక్క మనిషి లేని ఒకటిన్నర రోజులో ఎన్ని యూనిట్లు తిరిగాయో చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. మా దగ్గర మొదటిసారి ముప్పై యూనిట్ల పైన వచ్చింది. దొంగ ఎవరో వెతకమన్నాను. వాటర్ కూలర్ ఒకటి, ఆఫీసులో ఆపని కంప్యూటర్లు, మెట్ల కింద ఎవరూ చూడని లైట్లు, మెయిన్ ఆఫ్ చేయకుండా వదిలిన వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్. చివరిది మా ఏసీ ల్యాబ్ పక్క షెడ్డులోనిదే కాబట్టి నేను గట్టిగా మాట్లాడలేకపోయాను.

మన దేశపు గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఈ ఒక్క అంకె గోడ మీద పెద్దగా రాయించండి. పక్కన పెట్రోలు లీటరుకు 2.3, డీజిల్ లీటరుకు సుమారు 2.7 రాయించండి. వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ క్లాసులో లెక్కలు వీటితోనే ఇవ్వవచ్చు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాను 30 వాట్లు. రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే తేడా ఎంత? 135 యూనిట్లు. కార్బన్ డయాక్సైడ్ ఎంత? 95 కిలోల దాకా. పాఠ్యపుస్తకంలోని రైలు, ప్లాట్‌ఫారం లెక్క కన్నా ఇది వాళ్ళకు బాగా ఎక్కుతుంది. ఇంటికెళ్ళి నాన్నకు కూడా చెబుతారు.

ట్రేడ్‌కు ఒక్క జాబ్ చాలు

అన్ని జాబ్‌లూ మార్చాలని చూస్తే వారంలో విసుగొస్తుంది. ట్రేడ్‌కు ఒకటే తీసుకోండి. ఆ జాబ్ షీట్ అడుగున మూడు గళ్ళు గీయండి: కరెంటు లేదా ఇంధనం ఎంత పట్టింది, తుక్కు ఎంత మిగిలింది, ఆ తుక్కు ఎక్కడికి పోయింది. మూడో గడి దగ్గర ట్రైనీ తల గోక్కుంటాడు. గోక్కోనివ్వండి.

ఏసీ ట్రేడ్: ఇది నా ట్రేడ్ కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను. యూనిట్ దించే జాబ్‌కు ముందు త్రాసు తెప్పించండి. గ్యాస్‌ను రికవరీ మెషీన్‌తో రికవరీ సిలిండర్‌లోకి లాగించి, ముందూ వెనకా సిలిండర్ బరువు రాయించండి. సిలిండర్ 80 శాతానికి మించి నింపకూడదు. వేడికి లోపలి ద్రవం వ్యాకోచిస్తే చోటు ఉండాలి. మెషీన్ లేకపోతే, పని చేసే యూనిట్‌కు పంప్‌డౌన్ నేర్పండి. యూనిట్ కూలింగ్‌లో నడుస్తుండగా లిక్విడ్ వైపు వాల్వ్ మూయాలి. గేజ్ ముల్లు సున్నా దగ్గరికి దిగుతుండగా సక్షన్ వాల్వ్ మూసి, వెంటనే యూనిట్ ఆపాలి. గ్యాస్ మొత్తం ఔట్‌డోర్ యూనిట్‌లోనే బందీ అవుతుంది. ఖర్చు లేదు, గేజ్, రెండు అలెన్ కీలు చాలు. ఒక్క జాగ్రత్త: లీకున్న సిస్టమ్‌కు పంప్‌డౌన్ చేయించకండి. గాలి లోపలికి లాగితే కంప్రెసర్ పేలిన సంఘటనలున్నాయి.

రెండోది, ‘టాప్ అప్’ అలవాటు మాన్పించాలి. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ కొడితే మళ్ళీ వేసవికి అదే కథ. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి, సబ్బు నురుగు పూసి, జాయింట్ జాయింటూ చూడమనండి. ఆక్సిజన్ సిలిండర్‌తో ప్రెషర్ టెస్ట్ చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆయిల్, ఆక్సిజన్ కలిస్తే పేలుతుందని ప్రెషర్ టెస్ట్ నేర్పేరోజే చెప్పాలి, తర్వాత చెప్పే అవకాశం ఉండకపోవచ్చు.

కొత్త గ్యాస్‌ల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 మన దేశంలో 2030 నాటికి దాదాపుగా పోతుంది. 2016లో రువాండా రాజధాని కిగాలీలో మాంట్రియల్ ఓజోన్ ఒప్పందానికి కుదిరిన సవరణ ప్రకారం మన దేశం హెచ్‌ఎఫ్‌సీలను (ఆర్-410ఏ, ఆర్-32 లాంటి గ్యాస్‌లను) 2032లో 10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టి 2047కు 85 శాతం తగ్గించాలి. ఇప్పుడు మీ ఎదుట కూర్చున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి అప్పటికి నలభై దాటవు, సర్వీసు మధ్యలో ఉంటాడు. ఆర్-32 వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 675 రెట్లు, కొంచెం మంటకు అంటుకునే రకం. ఆర్-290 అంటే ప్రొపేన్, దాని శక్తి నామమాత్రం, కానీ అది అచ్చంగా మంట అంటుకునేదే. కాబట్టి ఇక్కడ వాతావరణ పాఠం, భద్రత పాఠం వేరు వేరు కావు. ఆర్-290 యూనిట్ మీద టార్చ్ వెలిగించే ముందు సిస్టమ్ ఖాళీ చేసి నైట్రోజన్‌తో కడగడం, గది కిటికీలు తెరవడం, గ్రాముల త్రాసుతో చార్జ్ చేయడం చేతికి అలవాటయ్యేదాకా చేయించాలి. గేజ్ చూసి అందాజాగా గ్యాస్ కొట్టే పాత పద్ధతి దీనికి పనికిరాదు.

ఎలక్ట్రీషియన్: మన పల్లెల్లో మోటారు వైండింగ్ షాపు లేని ఊరు అరుదు. కాలిన మోటారు నుంచి పాత తీగ తీయడానికి స్టేటర్‌ను (తీగ చుట్టి ఉండే, తిరగని భాగాన్ని) మంటలో పెట్టి కాల్చడం చూసే ఉంటారు. ఆ వేడికి స్టాంపింగ్ రేకుల మధ్య ఇన్సులేషన్ పాడవుతుంది, కోర్ లాస్ (ఇనుములో వేడిగా వృథా అయ్యే కరెంటు) పెరుగుతుంది, మోటారు తిరుగుతుంది కానీ ఎక్కువ కరెంటు తిని తొందరగా మళ్ళీ కాలుతుంది. రైతు మాత్రం ‘మా మోటారుకు దిష్టి తగిలింది’ అంటాడు. తీగ కోసి చల్లగా తీసే పద్ధతి చూపించండి. వైండింగ్‌కు ముందు, తర్వాత నో-లోడ్ కరెంటు (లోడు లేకుండా తిరిగేటప్పుడు తీసుకునేది) రాయించండి. 5 హెచ్‌పీ పంపుకు సరైన కెపాసిటర్ పెట్టి పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) ఎంత మారిందో చూపించండి. ఫుట్ వాల్వ్ జాలీకి పాచి పట్టి ఉంటే ఎంత నీరు తగ్గుతుందో బకెట్, సెల్ స్టాప్‌వాచ్‌తో కొలిపించండి.

సోలార్ అందరూ అడుగుతున్నారు. పీఎం సూర్య ఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది, 3 కిలోవాట్ల ఇంటి పైకప్పు ప్లాంటుకు కేంద్రం 78,000 రూపాయలు ఇస్తోంది. పని ఉంది, నిజమే. కానీ పిల్లలు తప్పు చేసేది ప్యానెల్ దగ్గర కాదు, ప్యానెల్ తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్ దగ్గర. కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తారు. ఆ వదులు జాయింట్ వేడెక్కి కరుగుతుంది. డీసీ కరెంటు ఆర్క్ (మెరుపు మంట) ఏసీ కరెంటు ఆర్క్‌లా తనంతట తాను ఆరిపోదు. క్రింపింగ్ టూల్ ఒకటి కొని, పది కనెక్టర్లు పాడు చేయించినా పర్వాలేదు, ఈ ఒక్క పని చేతికి వచ్చాకే మేడ ఎక్కించండి.

వెల్డర్: రోజు చివర్లో రాడ్డు ముక్కలన్నీ ఒక డబ్బాలో వేయించి తూకం వేయండి. 50 మిల్లీమీటర్ల కన్నా పొడవైన ముక్క ఎవరిదో పేరు రాయండి. పోటీ పెడితే వారంలోనే డబ్బా తేలికవుతుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్, ఇన్వర్టర్ సెట్ రెండింటి మీదా ఒకే పొడవు జాయింట్ వేయించి ఎనర్జీ మీటరుతో పోల్చమనండి. క్లాంప్ మీటరు చూసి పోల్చనివ్వకండి. పవర్ ఫ్యాక్టర్ తేడా వల్ల ఆంపియర్లు మోసం చేస్తాయి.

డీజిల్, మోటారు మెకానిక్: కాలిన ఆయిల్. సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి అడిగేవాళ్ళు వస్తారు, లేదంటే కాలువలో పోతుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లర్‌కే పోవాలి. మూతున్న డ్రమ్ము, కింద ట్రే, గోడకు రిజిస్టరు, ఇవి చాలు. పాత బ్యాటరీలు కూడా తుక్కు సామాన్లవాడికి కాదు, డీలరుకు తిరిగి ఇవ్వాలి. ఈ ట్రేడ్‌లో నాకు బాగా నచ్చే పరీక్ష గాలి కంప్రెసర్ లీకుది. టూల్స్ అన్నీ ఆపి, ట్యాంకు నిండి మోటారు ఆగేదాకా ఉండండి. తర్వాత మళ్ళీ మోటారు ఎన్ని నిమిషాలకు మొదలైంది, ఎన్ని నిమిషాలు నడిచింది రాయించండి. 8 నిమిషాలు ఆగి 2 నిమిషాలు నడిస్తే, 10లో 2, అంటే కంప్రెసర్ ఇవ్వగల గాలిలో 20 శాతం ఊరికే లీకుల్లో పోతున్నట్టు. తర్వాత హోస్ క్లిప్పులు బిగించి మళ్ళీ కొలవమనండి. పిల్లలు చెవులు పెట్టి పైపుల వెంట తిరగడం చూడ్డానికే బాగుంటుంది.

మార్కు లేకపోతే ఎవరూ చేయరు

ఇది చేదు నిజం. జాబ్‌కు 100 మార్కులైతే అందులో పది ఈ మూడు గళ్ళకు కేటాయించండి. గళ్ళు నింపినందుకు కాదు, అంకె సరిగ్గా కొలిచినందుకు. వైవాలో ఒక్క ప్రశ్న ఉంటుందని ముందే చెప్పండి: ‘ఈ జాబ్‌లో మిగిలింది ఎక్కడికి పోయింది?’ ‘బయట పారేశాం సార్’ అన్నవాడికి సున్నా. మొదటి నెల గోల చేస్తారు. మీరు వెనక్కి తగ్గితే రెండో నెలకు అందరూ పక్కవాడి షీటు చూసి ఒకే అంకె రాస్తారు. ఒకే అంకె కనిపిస్తే అక్కడికక్కడే మళ్ళీ కొలిపించండి.

150 గంటల్లో మేడ మీద సున్నం

గ్రూప్ ప్రాజెక్ట్ అంటే మోటారుకు చక్రాలు బిగించిన మోడల్ చేసి మూల పడేయడం మనకు అలవాటు. బదులుగా మీ సంస్థ పైకప్పునే ప్రాజెక్ట్ చేయండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028 వరకు అమలులో ఉంటుంది. తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి కొడుతుంది, గది తక్కువ వేడెక్కుతుంది. మన తాతలు మిద్దె మీద సున్నం కొట్టించింది అందుకే.

పక్కపక్కన ఉన్న రెండు స్లాబు గదులు ఎంచుకోండి. ఒకదాని మీద తెల్ల పూత వేయించండి, రెండోది అలాగే వదలండి. ఏప్రిల్‌లో పది రోజులు, మధ్యాహ్నం రెండున్నరకు, రెండు గదుల్లోనూ స్లాబు కింది భాగం ఉష్ణోగ్రత, గది మధ్యలో గాలి ఉష్ణోగ్రత రాయించండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును మెరిసే రేకు మీద పెడితే తప్పు చూపిస్తుందని ముందే చెప్పండి. పెయింటర్ కాకపోయినా ఏ ట్రేడ్ వాళ్ళయినా చేయగల పని ఇది. కానీ సిమెంటు రేకుల షెడ్డు ఎక్కించకండి. చూడ్డానికి గట్టిగా ఉంటుంది, కాలు పెడితే విరుగుతుంది. నాకు తెలిసిన ఒకచోట ట్రైనీ ఆ రేకులోంచి కిందికి జారాడు. అదృష్టం బాగుండి చెయ్యి మాత్రమే విరిగింది. అప్పటినుంచి స్లాబు మేడ తప్ప మరోటి ఎక్కనివ్వను.

తర్వాతి బ్యాచ్‌కు ఊళ్ళో బడి ఇవ్వండి. పిల్లలు వెళ్ళి ఫ్యాన్లు, ట్యూబులు లెక్కపెట్టి, ఏది మారిస్తే ఎన్ని యూనిట్లు తగ్గుతాయో ఒక పేజీ రాసి హెడ్‌మాస్టర్‌కు ఇవ్వాలి. ఇంగ్లీషులో పవర్‌పాయింట్ వద్దు. తెలుగులో ఒక పేజీ, కింద అంచనా ఖర్చు. దగ్గర్లో ఉంటే రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద తేలే 100 మెగావాట్ల సోలార్ చూపించి తీసుకురండి. బస్సు ఖర్చు దొరక్కపోతే మాత్రం దానికోసం ఆగకండి, పంచాయతీ ఆఫీసు మీద ఉన్న 5 కిలోవాట్ల ప్లాంటు కూడా అదే నేర్పుతుంది.

‘గ్రీన్ జాబ్’ సర్టిఫికెట్ అమ్మేవాళ్ళతో జాగ్రత్త

పదిహేను రోజుల కోర్సు, చేతిలో సర్టిఫికెట్, నెలకు ముప్పై వేలు అని ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు పెరిగారు. తల్లిదండ్రులు మిమ్మల్నే అడుగుతారు. నా అభిప్రాయం నేరుగా చెబుతాను: ఎర్తింగ్ సరిగ్గా చేయడం రానివాడు సోలార్ సర్టిఫికెట్ తెచ్చుకున్నా ఎర్తింగ్ రానివాడే. ముందు ట్రేడ్, దాని మీద ఈ పైపూత. బ్రేజింగ్ జాయింట్ లీకు లేకుండా వేసేవాడిని ఏ ఏసీ కంపెనీ అయినా తీసుకుంటుంది.

బయట షాపు ఓనరుతో, కస్టమరుతో ఎలా మాట్లాడాలో నేర్పండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు, ఇక్కడే మొత్తం పోతుంది. మన దగ్గర రికవరీ నేర్చుకున్నవాడు బయట షాపులో చేరగానే ఓనరు, ‘ఏంట్రా గంటసేపు? వదిలెయ్, ఇంకో మూడు కంప్లయింట్లు ఉన్నాయి’ అంటాడు. కుర్రాడు వదిలేస్తాడు. వాడిని తప్పు పట్టలేం.

అందుకే ఎంప్లాయబిలిటీ స్కిల్స్ క్లాసులో ఇద్దరిని నిలబెట్టి నాటకం ఆడించండి. ఒకరు మెకానిక్, ఒకరు షాపు ఓనరు లేదా ఇంటావిడ. పంప్‌డౌన్‌కు పది నిమిషాలు చాలని, ఆ గ్యాస్ దక్కితే కొత్త గ్యాస్ డబ్బులు మిగులుతాయని ఓనరుకు చెప్పడం ఒక సీను. ఇంటావిడతో రెండో సీను మేం ఆడించినప్పుడు ఇలా సాగింది.

‘ఊరికే గ్యాస్ కొట్టేసి వెళ్ళు బాబూ, ఏటా అంతేగా.’

‘ఏటా కొట్టించారంటే ఎక్కడో లీకుందమ్మా. ఈ కాయిల్ దగ్గర నూనె మరక చూశారా? ఇక్కడే పోతోంది.’

‘అది బాగు చేస్తే ఎంతవుతుంది?’

‘ఈసారి కొంచెం ఎక్కువే అవుతుందమ్మా. వచ్చే వేసవికి మాత్రం నన్ను పిలవరు.’

ఇంటావిడ వేషం వేసిన కుర్రాడు కాసేపు ఆలోచించి, పాత్రలోంచి బయటికి రాకుండానే అడిగాడు: ‘బిల్లు మీద ఆ లీకు ఎక్కడుందో రాసిస్తావా?’ అప్పటినుంచి మా జాబ్ షీట్‌లో నాలుగో గడి చేరింది: లీకు ఎక్కడ.